మౌస్ మీంచి చెయ్యి తియ్యుండ్రి

మొన్న సోమవారం పొద్దున్న లాప్‌టాప్ తెరవగానే తెర మూలన ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. వీపీఎన్‌కి కొత్త వర్షన్ వచ్చిందట, తనంతట తానే ఎక్కించుకుంటుందట, నన్ను కాసేపు ఆగమంది. సరే కదా అని కాఫీ కలుపుకుని వచ్చి చూస్తే ఆకుపచ్చ గీత సగం దాకా వచ్చి అక్కడే కూలబడి ఉంది. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? కోపం కొద్దీ దాన్ని నొక్కిందే నొక్కుతారు. నేను మాత్రం మౌస్ మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలా కూర్చున్నాను. నా వాలకం చూసి నాకే నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. అలా కూర్చోవడం నాకు నేర్పిన మనిషి పోయిన సెప్టెంబరులో చనిపోయాడు.

ఆయన మా ఆఫీసు హెల్ప్‌డెస్క్ మనిషి. నాది బీమా కంపెనీలో క్లెయిములు చూసే పని. ఊరి శివార్లలో, క్లైడ్ నార్త్‌లో ఇల్లు కొనుక్కున్నాక సిటీ దాకా రోజూ ఎవరు పోతారని ఇంటి నుంచే చేస్తున్నాను. ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్లలోకి వెళ్ళాలంటే ఈ వీపీఎన్ ఒక్కటే దారి. దొడ్డిదారి అనుకోండి, కాకపోతే తాళం గట్టిది. ఆ తాళాన్ని కంపెనీవాళ్ళు అప్పుడప్పుడు వాళ్ళంతట వాళ్ళే మార్చేస్తుంటారు. బాగా జరిగితే మనకి తెలియను కూడా తెలియదు. బెడిసికొడితే మాత్రం మనం బయట, ఉద్యోగం లోపల.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. మామూలు రోగాలకైతే హెల్ప్‌డెస్క్‌వాళ్ళు వాళ్ళ చోటు నుంచే మన మెషిన్‌లోకి వచ్చి, మన కళ్ళ ముందే బాణం గుర్తు కదిలిస్తూ బాగుచేసి పోతారు. కానీ వాళ్ళు రావలసింది కూడా ఆ దారినే. దారే మూసుకుపోతే వాళ్ళెలా వస్తారు? ఇక మిగిలేది ఫోన్లో మాట ఒక్కటే. ఆయన కొలువంతా ఆ మాట మీదే నడిచింది. మా కళ్ళతో చూసి, మా చేతులతో చేసేవాడు.

మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన తెలుగువాడని నాకు తెలియదు. ఇంగ్లీషులో నెమ్మదిగా, మర్యాదగా అడుగుతున్నాడు. నేనేమో క్లెయిమ్ ఒకటి ఆగిపోయి, అవతల మేనేజర్ మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెడుతుంటే, ఫోన్ పక్కకి జరిపి "అబ్బా, దీని మొహం మండ!" అన్నాను. అవతలి నుంచి తెలుగులో వచ్చింది ఆ గొంతు.

"మేడం, దాని మొహం మండితె మనకే నష్టం. ముందుగాల జర మౌస్ మీంచి చెయ్యి తియ్యుండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. "మీరు తెలుగా అండీ?" అన్నాను.

"తెలుగే మేడం. జగిత్యాల దిక్కు. మీరు గోదారోళ్ళు గదా?"

"ఎలా చెప్పారు?"

"మొహం మండ అని గంత ముద్దుగ ఇంకెవ్వలు తిడ్తరు?"

అప్పటినుంచి వీపీఎన్ మొరాయిస్తే నాకు సగం కోపం, సగం సరదా. ఆయన దగ్గర వైద్యం ఎప్పుడూ ఒకే తీరుగా మొదలయ్యేది. మౌస్ మీంచి చెయ్యి తియ్యాలి. తెర మీద ఏముందో చదవాలి. "అర్థం చెప్పకుండ్రి మేడం. ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి," అనేవాడు. ఒకసారి నేను "ఏదో ఎర్రర్ అంటోందండీ" అంటే, "ఏదో అనే ఎర్రర్ నేను ఇంతవరకు చూడలె," అన్నాడు. ఆ గీత ఆగినప్పుడు లాప్‌టాప్ మూత వేశారా, ముందు రోజుల్లో ఆ పెట్టె వచ్చినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కుతూ పోయారా అని ఆరా తీసేవాడు. లేదు లేదు అని నేను బుకాయించబోతే, "డాక్టరుకు, నాకు అబద్ధం చెప్తె ఫాయిదా లేదు," అని నవ్వేవాడు. నిజం ఒప్పుకున్నాక మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

ఇంకొకటి. పాత వర్షన్‌ని ముందే తీసేయనిచ్చేవాడు కాదు. కొత్తది సరిగ్గా కూర్చోకపోతే పాతదాన్ని పీకేసి మొదటినుంచి మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "కొత్తది ఒక్కసారి కలవనీయుండ్రి. కలిసినంక పాతది తీద్దాం. అప్పటిదాంక ఓ పక్కకు ఉండనీ, పాపం," అనేవాడు. సాఫ్ట్‌వేర్ మీద 'పాపం' అన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

గీత నిండేదాకా ఫోన్ పట్టుకుని ఉండాలి కదా, ఆ కాసేపు పాట పెట్టి వదిలేసే రకం కాదు ఆయన. మాట్లాడేవాడు, అంతకంటే ఎక్కువగా వినేవాడు. మా కుక్కర్ కూత ఆయనకు వినబడేది. "పప్పా మేడం? అడుగంటుతది, పోయి చూసి రాండ్రి. నేను ఈడనే ఉంట," అనేవాడు. మేమిద్దరం ఒకే సబర్బ్‌లో ఉంటున్నామని తెలిసింది కూడా అలాగే. మా వీధిలోకి చెత్తబండి వచ్చి డబ్బాలు ఎత్తుతుంటే, "గిదేంది, ఈ బండి ఇప్పుడే మా కాడికెల్లి పోయింది గదా!" అన్నాడు. రెండు వీధుల దూరంలో ఉన్న మనిషితో అన్నాళ్ళు నేను ఏదో సముద్రం అవతల ఉన్నట్టు మాట్లాడుతున్నాను.

ఒకరోజు అలా గీత కోసం కాచుకుని ఉండగా మా అమ్మాయి బడి నుంచి వచ్చింది. నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే. అది గదిలోకి వెళ్ళాక ఆయన అడిగాడు.

"మీ బిడ్డ సుత ఇంగ్లీషేనా మేడం?"

"అంతే అండీ. అర్థమవుతుంది, మాట్లాడదు. మీ అమ్మాయో?"

"మాదీ గదే కథ. 'బాపూ' అని పిలుస్తది. గదొక్కటే తెలుగు. ఇగ మిగిలిందంత ఇంగ్లీషే." కాస్త ఆగి, "మా ఇంటామెది బెజవాడ మేడం. ఆమెదేమో మీ లెక్క తెలుగు. నా తెలుగు ఇంట్ల నాకొక్కనికే. నాకేం పెద్ద ఆశ లేదు. బిడ్డ నాతోని తెలుగుల కొట్లాడాలె. ముచ్చట చెప్పకున్నా మంచిదే, కొట్లాడితె చాలు," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పిల్లలు పెద్దవాళ్ళతో దెబ్బలాడే భాషే వాళ్ళ సొంత భాష అని ఆయన లెక్క. ఎంత ఆలోచించినా అందులో నాకు తప్పు కనబడలేదు. శనివారాలు కమ్యూనిటీ హాల్లో తెలుగు తరగతి జరుగుతుంది, మా అమ్మాయి అక్కడికే వెళ్తుంది, మీరూ తీసుకురండి అని చెప్పాను. ఎంత సంతోషించాడో చెప్పలేను. గీత నిండి వీపీఎన్ కలిసిన సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఆయన్ని మొదటిసారి కళ్ళారా చూసింది ఆ హాల్లోనే. ఫోన్లో గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. చూస్తే పొట్టిగా, గుండ్రంగా, ఎండ కాస్తున్నా మందపాటి జాకెట్ వేసుకుని ఉన్నాడు. "మేడం, మంచిగున్నరా?" అన్నాక గానీ పోల్చుకోలేకపోయాను. పక్కనే వాళ్ళమ్మాయి, అంతా తండ్రి పోలికే. కార్లో వస్తున్నంతసేపూ ఒక వాక్యం వల్లె వేయించాడట. "గమ్మతుగ చెప్తది చూడుండ్రి," అని నా చెవిలో అన్నాడు.

టీచర్‌గారు మంచావిడే. పైసా తీసుకోకుండా ఏళ్ళ తరబడి పిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది. ఆ రోజు ఒక్కొక్కరినీ లేపి, వాళ్ళ నాన్న గురించి ఒక వాక్యం చెప్పమంది. ఈ పిల్ల వంతు వచ్చింది. లేచి, తండ్రి వైపు ఓసారి చూసి, గడగడా చెప్పేసింది.

"నిన్న మా బాపు పనికి పోయిండు."

ముక్క తేడా లేకుండా జగిత్యాల. ఆయన మొహం చూడాలి అప్పుడు!

టీచర్‌గారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో, తప్పు తల్లీ! అలా అనకూడదు. పోయాడంటే చనిపోయాడని అర్థం. 'నాన్నగారు వెళ్ళారు' అనాలి. ఏదీ, చెప్పు?"

వెనక బెంచీలోంచి ఎవరో పిల్లాడు ఇంగ్లీషులో "వాళ్ళ డాడ్ చచ్చిపోయాడా?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తెలియక తండ్రి వైపు చూసింది.

ఆయన వాకిట్లో నిలబడే ఉన్నాడు. "టీచరమ్మ చెప్పినట్టు చెప్పు బిడ్డా," అన్నాడు.

"నాన్నగారు వెళ్ళారు," అంది ఆ పిల్ల.

"భేష్!" అంది టీచర్‌గారు. తర్వాత ఆయన వైపు తిరిగి, చాలా మర్యాదగా, "ఇంట్లో కూడా కాస్త మంచి తెలుగు మాట్లాడుతూ ఉండండి. పిల్లలకి తొందరగా పట్టుబడుతుంది," అంది. ఆయన చేతులు కట్టుకుని "సరే మేడం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఊళ్ళో బడికి పోతారు, పెళ్ళికి పోతారు, పొలానికి పోతారు, అందరూ సాయంత్రానికి నిక్షేపంగా ఇంటికొస్తారు. మా గోదావరి వైపు ఆ మాటకి వేరే అర్థం అంటుకుంటే దానికి జగిత్యాల ఏం చేస్తుంది? తరగతి అయ్యాక టీచర్‌గారి దగ్గరికి వెళ్ళి వాళ్ళ వైపు అదే మాట అండీ అని దెబ్బలాడాను. "మనకున్నది వారానికి ఒక్క పూట. ఎవరి వైపుదని నేర్పనండీ? పుస్తకంలో ఉన్నదే కదా నేర్పాలి," అందావిడ. ఆవిడ బాధ ఆవిడది. బయట కారు దగ్గర ఆయనా అదే అన్నాడు.

"పోనీయుండ్రి మేడం. బిడ్డకు తెలుగు వస్తె చాలు. ఎవ్వలదైతేంది?"

అలా అన్నాడు గానీ, ఎవరిదైతేనేం అన్నది నిజం కాదని ఆయనకి తర్వాత తెలిసింది. నాకు ఎప్పుడు తెలిసిందంటే, పోయిన చలికాలంలో, ఇక్కడి లెక్కన జూలైలో, మా వీపీఎన్‌కి ఒక పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు.

ఆ రోజు మా టీమ్‌లో సగం మందికి పొద్దున్నే దారి మూసుకుపోయింది. దేశానికి ఆ చివర పెర్త్‌లో పియారా వాటర్స్ నుంచి పనిచేసే అమ్మాయి దగ్గర్నుంచి నా దాకా అందరం బయటే. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ కలిసేసరికి నాకు మళ్ళీ ఆకలేసింది. అదృష్టం కొద్దీ ఆయనే ఎత్తాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఈసారి పాతదాన్ని ముందే తీసేసి కొత్తది ఎక్కించేటట్టు పెట్టిన్రు మేడం. నేను వద్దన్న. రెండు వర్షన్లు ఎందుకు, జాగ దండుగ అన్నరు. ఇప్పుడు చూడుండ్రి, పాతది పోయింది, కొత్తది కలుస్తలేదు. అందరు నడుమల ఉన్నరు."

నాతో మిగిలిపోయిన పాత ముక్కలన్నీ తీయించి, మెషిన్ ఆపి తెరిపించి, కొత్తదాన్ని కంపెనీ వెబ్‌సైటు నుంచి మొత్తంగా మళ్ళీ దింపించాడు. గీత కదలడం మొదలైంది. మౌస్ మీంచి చెయ్యి తీశాను. అమ్మాయి ఎలా ఉంది, దెబ్బలాడుతోందా అని అడిగాను.

"ఏడ కొట్లాట మేడం! మా బిడ్డ నాకు కొత్త వర్షన్ ఎక్కిస్తున్నది," అని నవ్వాడు. నవ్వు ఎంతోసేపు లేదు. "నేను పోయిన అంటె 'నాట్ పోయిన, వెళ్ళాను' అంటది. సరే, బిడ్డ నేర్చుకుంటున్నది గదా, చెడగొట్టద్దని నేను సుత గట్లనే మాట్లాడ చూస్తున్న. వెళ్ళిండు అంటున్న మేడం! అటు గాదు, ఇటు గాదు. తప్పు పోతదేమోనని సోంచాయించుకుంట మాట్లాడేసరికి, ఆమె ఫోన్ల పడ్తది. నేను సుత సప్పుడు చేస్తలేను ఇగ. ముందు బాపూ అన్న ముక్కన్న ఉండె. ఇప్పుడు అది సుత నాన్నగారైంది."

ఇరవై ఏళ్ళుగా మనుషులకి మాటతో దారి చూపించినవాడు ఇంట్లో మాట్లాడ్డానికి జంకుతున్నాడంటే నేను ఊరుకోలేకపోయాను. "మీరు మీలాగే మాట్లాడండి, టీచర్‌గారి సంగతి నేను చూసుకుంటాను," అన్నాను.

"టీచరమ్మను ఏమనకుండ్రి పాపం. నేనే చెప్పిన గదా, ఆమె చెప్పినట్టు చెప్పుమని." తర్వాత గొంతు హుషారు చేసుకుని, "సెప్టెంబర్ సెలవులల్ల బిడ్డను ఊరికి తీస్కపోతున్న మేడం. మా అక్క ఉన్నది. ఆమె నోరు మీకు తెల్వది. ఆమె కాడ రెండు వారాలుంటె సచ్చినట్టు కొట్లాడుడు వస్తది. టికెట్లు సుత కొన్న," అన్నాడు.

గీత నిండింది. "కలిసిందా? మంచిగుండుండ్రి," అని పెట్టేశాడు. నేను ఆయన గొంతు విన్నది అదే ఆఖరు. ఆ రోజు ఇంకాసేపు మాట్లాడించి ఉండాల్సింది. ఏముంది, మళ్ళీ వీపీఎన్ చెడిపోతుందిలే, అప్పుడు మాట్లాడొచ్చనుకున్నాను.

సెప్టెంబర్ సెలవులు మొదలయ్యే శనివారం పొద్దున్న నా ఫోన్‌కి వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "ఆంటీ, నాన్నగారు వెళ్ళారు. అమ్మ మీకు చెప్పమంది."

ఎంత చక్కగా రాసిందో అనుకున్నాను. ఊరికి బయల్దేరాడన్నమాట. కానీ పిల్లని వదిలేసి ఒక్కడే వెళ్ళాడేమిటి? "హ్యాపీ జర్నీ చెప్పమ్మా. నువ్వు వెళ్ళలేదా?" అని రాసి, చివర ఒక విమానం బొమ్మ కూడా పెట్టాను. పెట్టి, పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. జవాబు రాలేదు. ఎయిర్‌పోర్టు హడావిడిలో ఉన్నారేమోలే అనుకున్నాను. మధ్యాహ్నం మా అమ్మాయి గదిలోంచి ఫోన్ పట్టుకుని వచ్చి, "మమ్మీ, హర్ డాడ్ డైడ్," అంది. ఇంగ్లీషులో ఆ మాటకి ఇంకో అర్థం లేదు.

ఆ విమానం బొమ్మ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. తుడిచేద్దామని చూస్తే నా వైపు పోతుంది గానీ ఆ పిల్ల చదివింది పోదు కదా.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం నిండా చెప్పులు. ఆయనకి వారం కిందట సాయంత్రం పని అయ్యాక గుండె నొప్పి వచ్చిందట, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తగ్గుతుందనే అన్నారట. వాళ్ళావిడ నన్ను పట్టుకుని, "మీ గురించి చెబుతూ ఉండేవారండీ, గోదారి మేడం అని," అంది. ఎవరో ఫోన్ చేస్తే లేచి లోపలికి వెళ్ళింది. అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ మెసేజ్ గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక, "సారీ అమ్మా, నేను వేరేలా అనుకున్నాను," అన్నాను.

"ఇట్స్ ఓకే ఆంటీ. 'పోయిండు' అనకూడదు కదా, అందుకే కరెక్ట్‌ది రాశాను," అంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. చేతి వేళ్ళ వైపు చూసుకుంటూ మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆఖరి రోజు ఆయనకి కాస్త తెలివి వచ్చినప్పుడు గదిలో తనొక్కతే ఉందట. ఆయన కోసం తెలుగులో మాట్లాడాలనుకుందట. ముందు మనసులో ఒకసారి చెప్పుకుని, తప్పు లేదని చూసుకుని, అప్పుడు అందట, "నాన్నగారూ, వెళ్ళకండి" అని.

"ఆయనేమన్నారు?"

"హీ స్మైల్డ్. ఎవ్వలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా, అన్నాడు." ఆ మాట మాత్రం అచ్చం ఆయన అన్నట్టే అంది. "గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు ఆంటీ. ఐ సెడ్ ఇట్ ప్రాపర్లీ. ఎందుకలా అన్నాడు?"

లోపల్నుంచి వాళ్ళావిడ ఫోన్లో మాట్లాడుతున్న బెజవాడ తెలుగు వినిపిస్తోంది. ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"మీరు బాపుతో ఫోన్‌లో మాట్లాడేవారు కదా. తన లాగా అయితే ఏమనాలి?"

ఏళ్ళ తరబడి విన్న యాస. ఎన్నడూ నా నోటితో పలకలేదు. "పోకు బాపూ, అనాలమ్మా," అన్నాను.

"పోకు బాపూ," అంది. సరిగ్గా రాలేదనుకుందేమో, ఇంకోసారి అంది. ఆ తర్వాత గోడకి ఆనించి పెట్టిన ఆయన ఫొటో వైపు తిరిగి, గట్టిగా, కోపంగా, దెబ్బలాటకి వచ్చినట్టు అంది.

"పోకు బాపూ!"

అని, నా వైపు చూసి, "కరెక్టేనా ఆంటీ?" అని అడిగింది. నాకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు ఆ ఇంట్లో.